లూప్ వేయించుకోమన్నారు.. ఆఫీస్ ఇన్సూరెన్స్ కుదరదంటోంది!

ప్రశ్న: నా వయసు 32. మాది గుంటూరు. పెళ్లయ్యాక అమెరికా వచ్చి, సెయింట్ లూయిస్‌లో ఒక క్యాథలిక్ హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. తొమ్మిది నెలల క్రితం సిజేరియన్ అయి పాప పుట్టింది. ఇంకా పాలిస్తున్నాను. నాలుగు నెలలుగా నెలసరి బాగా ఎక్కువగా అవుతోంది. మొదటి మూడు రోజులు గంటన్నరకో ప్యాడ్ మార్చాలి, గడ్డలు పడుతున్నాయి. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఇక్కడి గైనకాలజిస్టు హార్మోన్ లూప్ వేయించుకోమన్నారు. బ్లీడింగ్ తగ్గుతుంది, రెండో బిడ్డకు ఎడం కూడా ఉంటుందన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో మా యాజమాన్యం మత కారణాలతో గర్భనిరోధక సాధనాలకు కవరేజీ తీసుకోలేదని చెప్పేశారు. సొంతంగా పెట్టుకుంటే 1,300 డాలర్లు దాటుతుందట. అక్క వాడే మాత్రలే గుంటూరు నుంచి పంపిస్తానని అమ్మ అంటోంది. నాకు పెళ్లికి ముందు నుంచీ మైగ్రేన్ ఉంది. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయి. ఆ మాత్రలు వాడొచ్చా? లూప్ అంటే అబార్షన్ లాంటిదేనని తోటి ఉద్యోగి అంది, నిజమేనా? హెచ్‌ఆర్‌ని అడిగితే ఉద్యోగానికి, వీసాకి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. వద్దని అమ్మగారికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

మన దగ్గర మాలా-డి, మాలా-ఎన్ లాంటి పేర్లతో దొరికే రోజువారీ మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. మందుల షాపుల్లో అమ్మే మిగతా బ్రాండ్లలోనూ ఎక్కువ వాటిలో అదే. అక్కకు అవి పడి ఉండొచ్చు, మీకు పనికిరావు. మెరుపులు, వంకర గీతలు కనిపించి ఆ తర్వాత తలనొప్పి వస్తుందని రాశారు చూడండి, దాన్ని ఆరాతో వచ్చే మైగ్రేన్ అంటాం. ఇది ఉన్నవాళ్లకు మామూలుగానే పక్షవాతం ముప్పు కాస్త ఎక్కువ. దానికి ఈస్ట్రోజెన్ తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు ఇలాంటివారికి ఈస్ట్రోజెన్ ఉన్న ఏ మాత్రా, ప్యాచ్, రింగూ ఇవ్వకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి ఇంటి నుంచి తెప్పించుకుందాం అనుకోవడం సహజమే. కానీ ఎవరి మాత్ర ఎవరికి ప్రమాదమో చెప్పాల్సిన డాక్టర్ ఈ దారిలో ఎక్కడా ఉండరు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది అదే.

మీ డాక్టర్ చెప్పిన హార్మోన్ లూప్ మీకు సరైన చికిత్స. అందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్, 52 మిల్లీగ్రాములు. ఈస్ట్రోజెన్ లేదు, మైగ్రేన్‌కు అడ్డు లేదు, పాలిచ్చేవాళ్లూ వేయించుకోవచ్చు. గర్భాశయం లోపలి పొరను పలచన చేస్తుంది కాబట్టి నెలసరి రక్తం బాగా తగ్గిపోతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడటం మామూలే, దానికి కంగారుపడి తీయించుకోవద్దు. సిజేరియన్ కుట్టు గట్టిపడాలంటే కాన్పుకీ, తర్వాతి గర్భానికీ మధ్య కనీసం ఏడాదిన్నర ఎడం ఉండాలంటాం. ఆ రకంగానూ ఇది మీకు అవసరమే. వేసే ముందు స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్లు, పాలిప్స్ లేవని చూడాలి, థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించాలి.

ఇక్కడే మీ ఇన్సూరెన్స్ చిక్కుకు ఒక తాళంచెవి ఉంది. మీకు ఉన్నది జబ్బు. అధిక రక్తస్రావం, దాంతో వచ్చిన రక్తహీనత. ఈ హార్మోన్ లూప్‌కి గర్భనిరోధానికే కాకుండా అధిక రక్తస్రావానికి చికిత్సగా కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే అనుమతి ఇచ్చింది. బిల్లు ఏ కోడ్‌తో వెళ్లిందో మీ డాక్టర్ ఆఫీసులో అడగండి. జెడ్30తో మొదలయ్యే కోడ్ వేసి ఉంటే దానర్థం గర్భనిరోధం కోసం వచ్చారని. అది చూడగానే కంపెనీ కంప్యూటర్ తిప్పి పంపేస్తుంది. అధిక నెలసరికి ఎన్92.0 అనే కోడ్ ఉంది, ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు డి50. హిమోగ్లోబిన్ రిపోర్టు జతచేసి, ఇది చికిత్స అని రాసి ముందస్తు అనుమతి (ప్రయర్ ఆథరైజేషన్) అడగమనండి. దీన్ని దొడ్డిదారి అనుకోకండి. మీ ఒంట్లో ఉన్న జబ్బునే రాస్తున్నాం.

మీ యాజమాన్యం నమ్మే చర్చి కూడా దీనికి అడ్డు చెప్పదు. గర్భనిరోధం తప్పని చెప్పిన పోప్ ఆరో పాల్ 1968 నాటి లేఖలోనే, జబ్బు నయం చేయడానికి తప్పనిసరైన చికిత్స చేసుకోవచ్చనీ, దానివల్ల గర్భం రాకపోయినా అది పాపం కాదనీ ఉంది. అందుకే క్యాథలిక్ సంస్థల ప్లాన్లు చాలావాటిలో గర్భనిరోధానికి లేదంటూనే, వైద్య అవసరమైతే సరేనంటూ మరో లైను ఉంటుంది. పూర్తి ప్లాన్ పత్రం తెప్పించుకుని ఆ లైను కోసం వెతకండి. రెండు మూడు పేజీల సారాంశంలో అది దొరక్కపోవచ్చు.

ఇన్సూరెన్స్ అప్పుడు కూడా కుదరదంటే వదిలేయకండి. నిరాకరణ లేఖ అందిన 180 రోజుల్లోపు అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. ఆ తర్వాత కంపెనీకి సంబంధం లేని బయటివాళ్లతో సమీక్ష కూడా కోరవచ్చు. ఫోన్లో ఎవరో చెప్పిన 'నో' లెక్కలోకి రాదు, రాతపూర్వకంగా ఇవ్వమనండి.

అసలు ఈ మినహాయింపు ఎలా వచ్చిందో కాస్త తెలుసుకుంటే ఎవరిని ఏం అడగాలో మీకే అర్థమవుతుంది. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టం ప్రకారం నివారణ వైద్యానికి చేతి డబ్బు పడకూడదు. 2012 ఆగస్టు నుంచి గర్భనిరోధక సాధనాలు కూడా అందులో చేరాయి. చర్చిలకు మొదటి నుంచీ మినహాయింపే. క్యాథలిక్ ఆసుపత్రులు, కాలేజీల లాంటి మత సంస్థలకు మధ్యేమార్గం పెట్టారు. తమకు అభ్యంతరం ఉందని సంస్థ రాసిస్తే చాలు, ఇన్సూరెన్స్ కంపెనీయే విడిగా, సంస్థ డబ్బు ముట్టకుండా ఉద్యోగినికి కవరేజీ ఇవ్వాలి. అకామొడేషన్ అంటారు దీన్ని. 2014 జూన్ 30న హాబీ లాబీ అనే దుకాణాల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, కొద్దిమంది చేతిలో ఉండే వ్యాపార కంపెనీల యజమానులకు కూడా మత అభ్యంతరం చెప్పే హక్కు ఉందంది. ట్రంప్ ప్రభుత్వం 2017లో తెచ్చి 2018లో ఖరారు చేసిన నియమాలతో, ఆ మధ్యేమార్గం పాటించడం సంస్థ ఇష్టానికే వదిలేశారు. వృద్ధులకు సేవ చేసే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినుల కేసులో 2020 జులైలో సుప్రీంకోర్టు 7-2తో ఆ నియమాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని చెప్పింది. 2025 ఆగస్టులో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ జిల్లా కోర్టు మళ్లీ వాటిని కొట్టేసింది, దానిపై సన్యాసినులు అప్పీలుకు వెళ్లారు. కేసు ఇంకా నలుగుతున్న విషయం కాబట్టి పోయినేడు ఎవరికో చెప్పిన జవాబు ఈ ఏడాది మీకు వర్తించకపోవచ్చు.

కాబట్టి కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేయండి: 'మా సంస్థ తీసుకున్నది పూర్తి మినహాయింపా, అకామొడేషనా?' అకామొడేషన్ అయితే గర్భనిరోధానికి కూడా మీ చేతి డబ్బు పడదు. ఏడాది మొదట్లో ఇంటికి వేరే కార్డో, ఉత్తరమో వచ్చి ఉంటుంది, ప్రకటన అనుకుని పక్కన పడేశారేమో వెతకండి.

ఈ ఫోన్ హెచ్‌ఆర్‌కి చేయనక్కర్లేదు. ఎవరు ఏ చికిత్స అడిగారో ఇన్సూరెన్స్ కంపెనీ మీ పై అధికారులకు చెప్పకూడదు, రోగి వివరాలను గోప్యంగా ఉంచే హిపా చట్టం ఒప్పుకోదు. వీసాకూ దీనికీ సంబంధమే లేదు. లూప్ వేయించుకున్నందుకు ఎవరి హెచ్1బీ, హెచ్4 ఆగదు.

తోటి ఉద్యోగి మాటకు వస్తే, ఆమె కావాలని భయపెట్టిందనుకోను. హాబీ లాబీ యజమానులు అభ్యంతరం చెప్పింది కూడా నాలుగింటికే: రెండు రకాల అత్యవసర మాత్రలు, రెండు రకాల లూప్‌లు. ఫలదీకరణ చెందిన అండం గర్భసంచిలో అంటుకోకుండా ఇవి ఆపుతాయని, అంటే ప్రాణం తీసినట్టేనని వారి నమ్మకం. వైద్యం చెప్పేది వేరు. అత్యవసర మాత్రలు అండం విడుదలను వెనక్కి జరుపుతాయి. లెవోనార్జెస్ట్రెల్ మాత్ర అండం అంటుకోకుండా ఆపవచ్చన్న మాటను ఎఫ్‌డీఏ 2022 డిసెంబరులో లేబుల్ నుంచే తీసేసింది. హార్మోన్ లూప్ గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కగా చేసి వీర్యకణాలను లోపలికి రానివ్వదు. కాపర్ లూప్‌లోని రాగి ప్రధానంగా ఆ కణాలనే పనిచేయకుండా చేస్తుంది. నిలిచిన గర్భాన్ని పోగొట్టేవి కావు ఇవేవీ. జీవం ఏ క్షణంలో మొదలవుతుందన్నది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. ఆమె విశ్వాసం ఆమెది, దాన్ని మీరు గౌరవించవచ్చు. మీ ఒంటికి ఏ మందు కావాలన్నది మాత్రం ఆ విశ్వాసం తేల్చకూడదు.

మీరు గుంటూరు అమ్మాయి కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి గుంటూరులో తల్లులకు, పిల్లలకు ఏళ్ల తరబడి వైద్యం చేసిన డాక్టర్ మేరీ గ్లోరీ క్యాథలిక్ సన్యాసినే. అలాంటివారి సేవ మీద నాకు అపారమైన గౌరవం. కానీ ఆసుపత్రి ఇచ్చే ఇన్సూరెన్స్ దానం కాదు, అది మీరు చెమటోడ్చి సంపాదించిన జీతంలో భాగం. జీతం చేతికిచ్చాక దాంతో ఏం కొనాలో యజమాని చెప్పడు కదా. హాబీ లాబీ తీర్పుతో విభేదించిన జస్టిస్ గిన్స్‌బర్గ్ ఎత్తిచూపిన సంగతి ఇంకోటి ఉంది. కనీస వేతనంతో పనిచేసే ఆవిడకు లూప్ ఖర్చు దాదాపు నెల జీతం. డాక్టర్‌గా నాకు కనిపించేదీ అదే. డబ్బున్నావిడ తనకు సరైనది వేయించుకుంటుంది, లేనావిడ చవకగా దొరికిన దానితో సరిపెట్టుకుంటుంది.

మన దేశంలోనూ ఇన్సూరెన్స్ పాలసీలు గర్భనిరోధానికి ఇవ్వవు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపుల పట్టికలోనే అది ఉంది. అయినా ఇక్కడ ఎవరూ ఇంత ఇబ్బంది పడరు. ఎందుకంటే ప్రభుత్వాసుపత్రికి వెళితే కాపర్ టి, మాలా-ఎన్, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఉచితం. అమెరికాలో దానికి దగ్గరగా ఉన్నది టైటిల్ టెన్ క్లినిక్‌లు. 1970 నుంచి ఫెడరల్ నిధులతో నడుస్తున్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. మీ దగ్గర్లో ఉందేమో చూడండి. ఒక జాగ్రత్త: మీరు పనిచేసే ఆసుపత్రిలోనో, మరో క్యాథలిక్ ఆసుపత్రిలోనో లూప్ వేయకపోవచ్చు. బిషప్పుల మార్గదర్శకాలు వాళ్లకు వర్తిస్తాయి. వేరేచోట అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మీవారి ఆఫీసు ప్లాన్ ఎలా ఉందో కూడా కనుక్కోండి. మామూలు కంపెనీ అయితే లూప్‌కి చేతి డబ్బు పడకపోవచ్చు. ప్లాన్ మార్చుకునే గడువు (ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్) సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో ఉంటుంది. మారితే ప్రీమియం ఎంత పెరుగుతుందో, పాప డాక్టర్ ఆ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ ఖాతా ఉంటే లూప్ ఖర్చు అందులోంచి పెట్టుకోవచ్చు.

ఇవన్నీ తేలేదాకా ఖాళీగా కూర్చోవద్దు. పాలిస్తున్నాను కదా, గర్భం రాదులే అనుకోకండి. పాప ఆరు నెలలు దాటింది, నెలసరి మొదలైంది, ఆ రక్షణ ఇక లేదు. కండోమ్ వాడండి. లేదంటే ఓపిల్ అనే మాత్ర 2024 మార్చి నుంచి అమెరికా మందుల షాపుల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది, నెలకు సుమారు 20 డాలర్లు. ఇందులో ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి మీ మైగ్రేన్‌కూ, పాలకూ ఇబ్బంది లేదు. కాకపోతే రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మూడు గంటలు ఆలస్యమైతే రెండు రోజులు కండోమ్ తప్పనిసరి. ఎప్పుడంటే అప్పుడు బ్లీడింగ్ కనిపించే అవకాశం ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. నెలసరి రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వొచ్చేమో కూడా అడగండి. అది హార్మోన్ కాదు, గర్భనిరోధకం అంతకన్నా కాదు, మత అభ్యంతరం దాని జోలికి రాదు.

ఐరన్ మాత్ర రోజుకొకటి, లేదా రోజు విడిచి రోజు, కమలారసంతో వేసుకోండి. అటూ ఇటూ రెండు గంటలు కాఫీ, టీ వద్దు. గోంగూర, తోటకూర తింటే చాలని ఊరుకోకండి, 9.2కి ఆకుకూరలు సరిపోవు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరుసగా తడిసిపోయినా, కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మాట తడబడటం, ఒక చేయి తిమ్మిరెక్కడం, మెరుపులు గంటకు మించి తగ్గకపోవడం లాంటివి ఉంటే 911కి ఫోన్ చేయండి. ఇలాంటి ఎమర్జెన్సీ చికిత్సకు గర్భనిరోధకాల మీద ఉన్న మత మినహాయింపు అడ్డు రాదు.