‘ళ’లు అయిపోయిన రోజు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: రాయాలని ఉంది, రాయలేకపోతున్నాం. నాలుగింటికి జవాబు చెబుతాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. కథలు రాయాలని పదేళ్ల కోరిక. మంచి కథ ఏదైనా చదివితే ఊపు వస్తుంది, నాలుగు రోజులు రాస్తాను. ఐదో రోజు ఏదో అడ్డం పడుతుంది. ఇక రెండు నెలలు నోట్‌బుక్ ముట్టను. ముట్టాలంటే సిగ్గేస్తుంది. ఈ స్ఫూర్తి నిలబడే మార్గం ఏదైనా ఉందా మేడమ్?

జవాబు: నిలబడదమ్మా. నాకూ నిలబడలేదు.

ముప్ఫై ఏళ్ల వయసులో, కథలు రాయడానికని గట్టి అట్ట, బంగారు అంచు ఉన్న నోట్‌బుక్ ఒకటి కొన్నాను. మొదటి పేజీలో నా పేరు, తేదీ అందంగా రాసి మూసేశాను. అంత నున్నటి కాగితం మీదికి ఎక్కాలంటే వాక్యానికీ అంత అర్హత ఉండాలి కదా! ఆ అర్హత గల వాక్యం ఏడేళ్లు రాలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది, రెండో పేజీ నుంచీ ఖాళీ.

అప్పట్లో నేనొక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ని. దిద్దడం అయిపోయిన గాలీ ప్రూఫులు, పొడుగాటి కాగితాలు, ఒకవైపే అచ్చు, నా బల్ల కింద కట్టలుగా పడి ఉండేవి. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక ఇరవై నిమిషాలు మిగిలితే ఒకదాన్ని వెనక్కి తిప్పి, ‘ఏం రాయాలో తెలియడం లేదు’ అని రాశాను. దాని కింద మళ్లీ అదే. మూడోసారి రాస్తూంటే నాకే విసుగొచ్చి, ఎదురుగా టైపు (సీసపు అక్షరాలు) పేరుస్తున్న కంపోజిటర్ వేళ్ల గురించి రాశాను. ఎలాగూ చెత్తబుట్టలోకి పోయే కాగితం, చెయ్యి ఆడింది. నా మొదటి కథకు అదే మొదటి పేరా అవుతుందని నాకేం తెలుసు!

అందుకని మొట్టమొదట ఆ మంచి నోట్‌బుక్ పిల్లలకిచ్చేయండి, బొమ్మలు గీసుకుంటారు. మీరు పారేసే కాగితాల వెనక రాయండి. సమయాన్ని కూడా ఊపు వచ్చినప్పటికి కాకుండా రోజూ ఎలాగూ జరిగే పని ఒకదానికి ముడిపెట్టండి. నాది భోజనం బాక్సు మూతపెట్టిన క్షణం. మీది పిల్లల బస్సు కదిలిన క్షణం కావచ్చు.

ఆపడం కూడా నేర్చుకోవాలి. రాయడం మొదలుపెట్టడం మీద అందరూ సలహాలిస్తారు, ఆపడం మీద ఎవరూ చెప్పరు. అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చైన ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు: తర్వాత ఏం జరగబోతుందో తెలిసిన చోటే ఆ రోజుకి ఆపేస్తాడట. నేను ఇంకాస్త మొండిదాన్ని, వాక్యం మధ్యలోనే లేచిపోతాను. ‘ఆమె తలుపు తీసేసరికి’ అని రాసి కలం మూసేస్తే, మర్నాడు గుమ్మంలో ఎవరున్నారో చూడాలని నాకే ఆత్రం. స్ఫూర్తి అని మీరంటున్నది నాకు తెలిసినంతలో ఈ ఆత్రమే. ముందురోజు మిగిల్చుకుంటే మర్నాడు ఉంటుంది. (ఒకసారి జ్వరమొచ్చి మూడు వారాలు రాయలేదు. తిరిగొచ్చి చూస్తే ఆ తలుపు దగ్గర ఎవరిని నిలబెడదామనుకున్నానో గుర్తే లేదు. ఏం చేస్తాం, పక్కింటావిడని నిలబెట్టాను. కథకి అదే మేలైంది.)

ఇక ఐదో రోజు సంగతి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మంది కొత్త అలవాట్లను 12 వారాలు గమనించి, 2010లో ఫలితాలు అచ్చువేశారు. ఆలోచించకుండా చేసేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్కగట్టిన అంచనా. అవి తిండి, వ్యాయామం లాంటి అలవాట్లు, కథలు కావు, కాబట్టి ఆ అంకెలను నేను పట్టించుకోను. నాకు నచ్చింది ఇంకో విషయం: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. మీకు నష్టం చేస్తున్నది ఐదో రోజు కాదమ్మా, ఆరో రోజు సిగ్గు.

ఇంకొకటి, మీ ఉత్తరంలో మీరు అడగనిది. ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లిష్ నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున ఐదున్నరకే బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. 47 నవలలు రాశాడు. ఈ లెక్కల గురించే అందరూ చెబుతారు. కానీ అతన్ని రోజూ కాఫీతో లేపడానికి ఒక ముసలి పనివాడు ఉండేవాడు. తన విజయానికి అందరికంటే ఎక్కువగా అతనికే ఋణపడ్డానేమోనని ట్రాలప్ స్వయంగా ఆత్మకథలో రాసుకున్నాడు. అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్‌కి అలాంటివాళ్లు లేరు. ఇద్దరు కొడుకులను ఒక్కతే పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, పిల్లలు ‘అమ్మా’ అని లేవకముందే రాసుకునేది. మొదటి నవల 1970లో, 39 ఏళ్ల వయసులో వచ్చింది. నేను ఆవిడని చూసి నేర్చుకోమని మీకు చెప్పను. ఆ ఇరవై నిమిషాలు పిల్లలను చూసుకునే బాధ్యత ఎవరిదో ఇంట్లో ఈ రాత్రే తేల్చుకోమని చెబుతాను.

ప్రశ్న: ఇల్లు, ఆఫీసు, ఇల్లు. నా జీవితంలో ఏమీ జరగదు. కథకి వస్తువు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: ఏమీ జరగనప్పుడు ఏం జరుగుతుందో చూద్దామని జార్జ్ పెరెక్ అనే ఫ్రెంచి రచయిత 1974 అక్టోబరులో మూడు రోజులు పారిస్‌లోని ఒక కూడలిలో కూర్చున్నాడు. వెళ్లే బస్సుల నంబర్లు, పావురాలు, సంచులు మోస్తూ నడిచేవాళ్లు, కంటబడినదల్లా రాశాడు. అదే ఒక పుస్తకమైంది. మీరు మూడు రోజులు కూర్చోనక్కర్లేదు. రేపు ఆఫీసులో లిఫ్ట్ ముందు నిలబడ్డవాళ్లలో బటన్ వెలుగుతున్నా మళ్లీ నొక్కేవాళ్లు ఎవరో చూసి, సాయంత్రం అయిదు వాక్యాలు రాయండి. ఎవరి గురించీ అభిప్రాయం రాయొద్దు. చేతులు ఏం చేశాయి, అంతే.

వస్తువు దొరికినా వాక్యం కదలదు కొన్నిసార్లు. దానికి మా ప్రెస్సులో నేర్చుకున్న చిట్కా ఒకటుంది. చేత్తో అక్షరాలు పేర్చే రోజుల్లో కేసులో, అంటే అక్షరాల గూళ్లున్న పెట్టెలో, ఒక్కో అక్షరం కొన్నే ఉండేవి. ముందు పేజీలు అచ్చయి, టైపు విప్పితేగానీ ఆ అక్షరాలు తిరిగి చేతికి రావు. ఒకరోజు మా కంపోజిటర్ వచ్చి, "అమ్మా, ‘ళ’లు అయిపోయాయి. ఈ పేజీకి ఇంకా కావాలి" అన్నాడు. ప్రూఫుల కోసం వచ్చిన రచయిత అక్కడే కూర్చుని ఉన్నాడు. వాక్యం ఏమిటంటే, ‘ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి’. ఆయన కాసేపు సణిగాడు, పైకప్పు చూశాడు, కలం అడిగి, ‘ఆమె చూపు చెమ్మగిల్లింది’ అని దిద్దాడు. మొదటిది అప్పటికే వెయ్యిమంది రాసేసిన వాక్యం. రెండోది ఆయనకి ‘ళ’ దొరికి ఉంటే తట్టేది కాదు.

ఇది కొత్త సంగతేం కాదు. దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడికి ప్రియురాలి పంటిగాటుతో పెదవి నొప్పి. అందుకని తన కథంతా పెదవులు కలవకుండా, ప-ఫ-బ-భ-మలు లేకుండా చెబుతాడు. అవధానంలో నిషిద్ధాక్షరి కూడా ఇలాంటి కట్టడే. పద్యం చెబుతున్నవాడికి పక్కనున్న పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఫలానాది వద్దంటూ ఉంటాడు, అవధాని పక్కదారి వెతుక్కుంటాడు. పైన చెప్పిన పెరెక్ కూడా 1969లో ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే ‘e’ అక్షరం లేకుండా ఏకంగా నవలే రాశాడు. బుర్ర కదలని రోజు మీరూ ఒకదాన్ని నిషేధించుకోండి. అక్షరమే కానక్కర్లేదు. ‘చాలా’ అన్న మాట వద్దు, ‘అనిపించింది’ వద్దు. ‘అనిపించింది’ వద్దనుకున్న మొదటి రోజు నేను రెండు వాక్యాలు దాటలేదు. అప్పుడు తెలిసింది అది నాకెంత ఊతకర్రో.

ప్రశ్న: పొద్దున రాయడం మంచిదా, రాత్రా?

జవాబు: మీకు ఏది దొరికితే అది. కాఫ్కా అనే జర్మన్ భాషా రచయిత 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని తెల్లారి ఆరింటికి ఒక కథ మొత్తం పూర్తి చేశాడు. రాస్తే ఇలాగే రాయాలని డైరీలో పొంగిపోయాడు. కుర్రవాళ్లు ఆ రాత్రినే తలుచుకుంటారు. ఆయన నవలలు మూడూ అసంపూర్తిగానే మిగిలాయన్నది కూడా తలుచుకోవాలి. తెల్లవార్లూ రాసే రాత్రి వస్తే వద్దనకండి, దాని కోసం ఎదురుచూడకండి.

ప్రశ్న: వరసగా మూడు కథలు తిరిగొచ్చాయి. అప్పటి నుంచి కలం పట్టుకోబుద్ధి కావడం లేదు. మీకు ఇలా జరిగిందా?

జవాబు: జరగకేం బాబూ. మీ చిక్కు ఎక్కడుందో నాకు కనిపిస్తోంది. కథ పంపించి, జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. అలా కూర్చుంటే తిరిగొచ్చిన కథ ఒక్కటే మీ ఆస్తి, బాధ రెట్టింపవుతుంది. ఒకటి పంపే రోజుకి రెండోది సగంలో ఉండాలి. నా మటుకు నేను రెండోదాని మొదటి పేజీ రాయకుండా మొదటిదాని కవరు అంటించను.

తిరిగి రావడంలో మీ కథ లోపం ఉండొచ్చు, లేకపోవచ్చు. ప్రెస్సులో ఇరవై రెండేళ్లు పేరున్నవాళ్ల రాతప్రతులు చూశాను. అచ్చులో నున్నగా కనిపించే పేజీ మా బల్ల మీదికి వచ్చేటప్పుడు కొట్టివేతలతో, అంచుల్లో ఎక్కించిన పేరాలతో, అతికించిన చీటీలతో వచ్చేది. రెండో ప్రూఫులో కూడా చివరి వాక్యం మార్చి మా కంపోజిటర్‌తో తిట్లు తిన్నవాళ్లున్నారు. తిరిగొచ్చిన కథను నెల తర్వాత గొంతెత్తి చదవండి. నాలిక ఎక్కడ తడబడిందో అక్కడ గీత పెట్టండి. మూడు కథల్లోనూ గీతలు ఒకే రకం చోట పడితే, మీకు పాఠం దొరికినట్టే. పడకపోతే ఇంకో పత్రికకి పంపండి.

నా మొదటి కథ తిరిగొచ్చినప్పుడు కవరులో చీటీ కూడా లేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో మధ్యాహ్నం భోజనం బాక్సు మూతపెట్టి, బల్ల కింద చూస్తే గాలీ ప్రూఫులు నిండుకున్నాయి. తిరిగొచ్చిన ఆ కథ పద్నాలుగు కాగితాలూ వెనకవైపు తెల్లగా ఉన్నాయి. రెండో కథ వాటి మీదే రాశాను.