ఉత్తర ఐర్లండ్‌లో ఫ్లూట్ బ్యాండ్‌కి "సీజన్" అంటే ఏమిటి? జులై 12 ఒక్కరోజేనా?

కాదు. సీజన్ ఈస్టర్ ప్రాంతంలో మొదలై ఆగస్టు చివరి శనివారం దాకా నడుస్తుంది. శీతాకాలమంతా హాల్లో ప్రాక్టీసు.

బయటివాళ్లకు తెలిసింది జులై 12. 1690 నాటి బోయిన్ యుద్ధంలో ప్రొటెస్టంట్ రాజు విలియం గెలుపును గుర్తుచేసుకుంటూ ప్రొటెస్టంట్ల సంఘమైన ఆరెంజ్ ఆర్డర్ లాడ్జీలు (శాఖలు) ఊరేగుతాయి, ముందు బ్యాండ్ వాయిస్తుంది. ఆదివారం పడితే 13న. ఆగస్టులో డెర్రీ నగరం మీద 1689 ముట్టడి ముగిసిన గుర్తుగా ఊరేగింపు.

అసలు మజా మాత్రం వారాంతపు సాయంత్రాల్లో. ఒక ఊరి బ్యాండ్ పిలిస్తే చుట్టుపక్కల బ్యాండ్లన్నీ వస్తాయి. మన పేరంటం లెక్కే: మీరు మా ఊరొస్తే మేం మీ ఊరికి రావాలి. చాలాచోట్ల దారిలో జడ్జీలుంటారు. వాయిద్యానికి, డ్రమ్ములకు, నడకకు కప్పులిస్తారు.

బ్యాండ్లన్నీ ఒకటి కాదు. "బ్లడ్ అండ్ థండర్" రకంలో పెద్ద డ్రమ్ముదే రాజ్యం. రెండు చేతులా కర్రలతో రెండు వైపులా బాదుతుంటే ఫ్లూట్లు ఆ మోత మీంచి వినిపించాలి. మెలొడీ బ్యాండ్లలో అందరూ ఒకే ట్యూన్ వాయిస్తారు. పార్ట్ బ్యాండ్లు ఒకేసారి వేర్వేరు స్వరాలు పంచుకుని వాయిస్తాయి. చెవికి నాకు ఇవే హాయి.

ఊరేగింపుకి 28 రోజుల ముందే పోలీసులకు నోటీసివ్వాలి. కాథలిక్ పేటల మీదుగా వెళ్లే దారైతే టెన్షనే. గొడవ రావచ్చనుకుంటే ఊరేగింపుల వివాదాలు చూసే పరేడ్స్ కమిషన్ షరతులు పెడుతుంది. ఐరిష్ జాతీయవాదులకూ వేరే ఫ్లూట్ బ్యాండ్లున్నాయి, 1916 ఈస్టర్ తిరుగుబాటు గుర్తుగా వాళ్లకు ఈస్టర్ ముఖ్యం.