మెనూకి వెళ్లే దారిలో ఇంకో విండో

ప్రశ్న: ఆరేళ్లుగా లినక్స్ వాడుతున్నాను. మౌస్ బాణం ఏ విండో మీదికి వెళ్తే అందులోనే టైప్ అయ్యేలా పెట్టుకున్నాను, క్లిక్ చేసే పనే ఉండదు. ఇప్పుడు ఆఫీసులో మ్యాక్ ఇచ్చారు. ఆ సెట్టింగ్ ఎంత వెతికినా కనబడటం లేదు. ఎక్కడుందండీ?

జవాబు: సిస్టమ్ సెట్టింగ్స్‌లో అది లేదండీ, ఇక వెతక్కండి. ఎందుకు లేదో తెలియాలంటే స్క్రీన్ పై అంచు చూడండి. మ్యాక్‌లో 1984 నుంచీ అన్ని ప్రోగ్రాములకూ కలిపి అక్కడ ఒకటే మెనూ పట్టీ. ఏ ప్రోగ్రామ్ ఫోకస్‌లో ఉంటే, అంటే మీరు టైప్ చేసేది ఏ ప్రోగ్రామ్‌కి వెళ్తుంటే, దాని మెనూ అక్కడికొస్తుంది. బాణం తగలగానే ఫోకస్ మారిపోతే, కింది విండో నుంచి మెనూ దాకా వెళ్లేదెలా? దారిలో ఇంకో విండో తగులుతుంది, మీరు చేరేసరికి మెనూ దానిదైపోతుంది.

ఇది నేను పడ్డ అవస్థే. 2011లో ఉబుంటు అనే లినక్స్ తన 11.04 వెర్షన్‌లో యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్‌తో పాటు మెనూలను పైకెక్కించింది. నాకేమో మీ అలవాటే. కింద ఉత్తరం, పైన బ్రౌజర్ పెట్టుకుని పనిచేస్తూ, ఉత్తరం సేవ్ చేద్దామని పైకి వెళ్లాను. సేవ్ అయింది బ్రౌజర్‌లో ఉన్న పేజీ! రెండోసారీ అంతే. ఆ తర్వాత నిద్రపోతున్న పిల్లల్ని తప్పించుకుని నడిచినట్టు, విండోల పక్కనుంచి చుట్టూ తిరిగి మెనూకి వెళ్లేవాణ్ని. 2014లో వచ్చిన ఉబుంటు 14.04లో మెనూని ఆ విండో పేరుండే టైటిల్ పట్టీలోకి దించుకునే వీలిచ్చాక ప్రాణం కుదుటపడింది.

అలాగని పై అంచు మెనూని తిట్టను. బాణాన్ని ఎంత జోరుగా విసిరినా అంచు దగ్గర ఆగిపోతుంది కాబట్టి గురి చూసుకునే పని తగ్గుతుంది. దానికి బదులుగా ఒక క్లిక్ అడుగుతోంది, అంతే.

ఆ క్లిక్కూ కొంత తగ్గించుకోవచ్చు. వెనక విండోలో చదవడానికి స్క్రోల్ చేస్తే చాలు, ఫోకస్ అక్కర్లేదు. కమాండ్ పట్టుకుని టైటిల్ పట్టీని లాగితే వెనక విండో ముందుకి రాకుండానే జరుగుతుంది. బాణంతో ఫోకస్ మార్చే బయటి యాప్‌లు కూడా ఉన్నాయి గానీ, పై మెనూ గొడవ వాటికీ తప్పదు. కాస్త ఆగి మారేలా ఆలస్యం పెట్టుకునే వీలున్నదైతేనే వేసుకోండి.

మెనూకి మాత్రం మౌస్‌ని మానేయండి. కంట్రోల్, ఎఫ్2 కలిపి నొక్కితే ఫోకస్ మెనూకి వెళ్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ (fn) మీట కూడా కావాల్సి రావచ్చు. నేనైతే కమాండ్, షిఫ్ట్, ప్రశ్నార్థకం ఉన్న మీట కలిపి నొక్కుతాను. హెల్ప్ మెనూలో వెతికే పెట్టె తెరుచుకుంటుంది. కావాల్సిన మెనూ అంశం పేరులో నాలుగక్షరాలు కొట్టి, కీబోర్డులో కిందికి చూపే బాణం మీటతో దాని మీదికి వస్తే అది ఎక్కడుందో చూపిస్తుంది, ఎంటర్ కొడితే పనైపోతుంది. దారిలో ఏ విండో ఉన్నా మీకనవసరం.