కళ సమాజాన్ని మారుస్తుందా? మనిషి మనసులో మాట బయటికి రావడానికి సాయపడుతుందా?

రెండు పనులూ చేస్తుంది. నా దృష్టిలో రెండోదే ముందు జరుగుతుంది. మా నెల్లూరు జిల్లాలోని దూబగుంటనే చూడండి.

1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా తిరిగింది. కళాజాతాల్లో, అంటే ఊరూరా తిరిగే కళాకారుల ప్రదర్శనల్లో, పాటలు పాడారు, వీధి నాటికలు వేశారు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుకున్న పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన కుటుంబాల కథలూ ఉన్నాయి. "నా మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు" అని నలుగురిలో చెప్పాలంటే సిగ్గు, భయం. అదే కథలోని ఆడమనిషి గురించైతే ఎంతసేపైనా మాట్లాడొచ్చు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే తమ సంగతీ చెప్పుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవని అప్పుడు బయటపడింది. కళ చేసే అసలు పని ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పదిమందితో కలిసి పాడేటప్పుడు ఒంటరిగా నోరు విప్పలేని మనిషి గొంతు కూడా లేస్తుంది.

ఆ తర్వాత దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి సారా దుకాణాలు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

పాటలే ఇదంతా సాధించాయని అనను. చదువు, కడుపుమంట, సంఘాల అండ అన్నీ కలిశాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు కూడా. చట్టాన్ని నిలబెట్టడం కళ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. కానీ ఆ ఊళ్లలో ఆడవాళ్లు అధికారుల ముందు నిలబడి నిలదీయడం మొదలైంది అప్పుడే.