ఆపరేటింగ్ సిస్టమ్స్ థియరీ బాగానే వస్తోంది, లినక్స్ ల్యాబ్ మాత్రం భయపెడుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు ఉంది. షెడ్యూలింగ్, పేజింగ్ లెక్కలు చేసేస్తున్నాను. లినక్స్ ల్యాబ్‌లో సీ ప్రోగ్రామ్ రాయమంటే మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్ తప్ప ఏమీ రావడం లేదు. స్నేహితులంతా వెబ్, ఏఐ వైపు వెళ్తున్నారు. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌లో ఉద్యోగాలు ఉంటాయా? లినక్స్ కెర్నల్ సోర్స్ చదవడం మొదలుపెట్టమని ఒక సీనియర్ చెప్పారు. అది సరైన దారేనా?

జవాబు: కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రామ్‌లనూ నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం. దాని సోర్స్ ఇప్పుడే వద్దు. మీ సీనియర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, కానీ లినక్స్ కెర్నల్ అంటే కోట్ల లైన్ల కోడ్, అందులో పెద్ద భాగం డివైస్ డ్రైవర్లే. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది వదిలేయాలో తెలియకుండా దాంట్లో దిగితే రెండు వారాల్లో ‘ఇది నా వల్ల కాదు’ అనిపిస్తుంది. అది మీ తెలివికి సంబంధించిన విషయం కాదు, చదివే వరుస తప్పడం వల్ల వచ్చే నిరుత్సాహం. కెర్నల్ లోపలికి వెళ్లే ముందు కెర్నల్‌తో బయట నుంచి మాట్లాడటం రావాలి. అంటే సిస్టమ్ కాల్స్, ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే పిలుపులు. ఈ సెమిస్టర్ మొత్తం దానికే ఇవ్వండి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది వేరే విషయం. థియరీ ఒక సబ్జెక్టు, ల్యాబ్ ఇంకో సబ్జెక్టు అన్నట్టు మీరు రాశారు. చాలామంది విద్యార్థులు అలాగే అనుకుంటారు, కాలేజీల్లో చెప్పే తీరు కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది. కానీ మిమ్మల్ని భయపెడుతున్న ఆ సెగ్మెంటేషన్ ఫాల్ట్ మీరు పరీక్షలో లెక్క చేసిన, మెమరీని పేజీలనే ముక్కలుగా పంచే పేజింగే. మీ ప్రోగ్రామ్ ఒక అడ్రస్‌ను ముట్టుకుంటుంది, పేజ్ టేబుల్‌లో (ఏ అడ్రస్ ర్యామ్‌లో ఎక్కడుందో చూపే పట్టికలో) దానికి సరైన మ్యాపింగ్ లేదు, హార్డ్‌వేర్ పేజ్ ఫాల్ట్ లేపి కెర్నల్‌కు అప్పగిస్తుంది, ఈ అడ్రస్ ఈ ప్రాసెస్‌కు ఇచ్చిన ప్రాంతాల్లో ఎక్కడైనా ఉందా అని కెర్నల్ చూస్తుంది, లేకపోతే సిగ్నల్ పంపి ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. ఇదే దారి తప్పు లేని ప్రోగ్రామ్‌లో కూడా నడుస్తుంది. మీరు మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్‌తో పెద్ద మెమరీ అడిగితే కెర్నల్ అప్పటికప్పుడు నిజమైన పేజీలన్నీ ఇచ్చేయదు. మీరు మొదటిసారి అక్కడ రాసినప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, ఆ ప్రాంతం మీకు ఇచ్చినదే కాబట్టి కెర్నల్ చప్పుడు లేకుండా ఒక పేజీ తగిలించి మిమ్మల్ని ముందుకు పంపుతుంది. ఒకే యంత్రాంగం, ఒకచోట మీకు తెలియకుండా సాయం చేస్తుంది, ఇంకోచోట ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. ఈ రెండూ కలిపి చూడగలిగిన రోజు ల్యాబ్ అంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

మిగతా సగం సీ భాషది. దాన్ని దాటవేసే దారి లేదు. పాయింటర్లు, స్ట్రింగ్ చివర వచ్చే సున్నా, ఫంక్షన్ నుంచి బయటికి వచ్చాక చెల్లని లోకల్ వేరియబుల్ అడ్రస్, ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ వాడటం, మీ ఫాల్ట్‌లలో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలోనే ఉంటాయి. కళ్లతో వెతకడం మానేయండి. కంపైల్ చేసేటప్పుడు అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసుకుంటే ఏ లైన్‌లో హద్దు దాటారో అదే చాలావరకు చూపిస్తుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ ఆ లైన్‌కు చేరిందో చూపే జాబితా) తీయడం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇవి వాడకుండా ప్రింట్‌ఎఫ్‌లు పెట్టుకుంటూ గంటలు గడపడం కష్టపడటం కిందికి రాదు, సమయం పోవడం అంతే.

ఇప్పుడు అసలు పని. ఒక చిన్న షెల్, అంటే మనం టైప్ చేసే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్, మీరే రాయండి. చాలా యూనివర్సిటీల్లో ఈ అసైన్‌మెంట్ ఇస్తారు, మీ దగ్గర ఇవ్వకపోయినా సొంతంగా చేయండి. ఈ సబ్జెక్టుకు ఇంతకు మించిన అభ్యాసం నాకు తెలియదు. మొదటి దశలో ఒక కమాండ్ చదివి ఫోర్క్ చేసి (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, అంటే ప్రాసెస్‌కు, చైల్డ్ అనే కాపీ పుట్టించి), చైల్డ్‌లో ఎగ్జెక్ పిలిచి (అందులో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించి), పేరెంట్‌లో అది ముగిసేదాకా వెయిట్ చేయాలి. ఇది ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. వెంటనే డైరెక్టరీ మార్చే సీడీ కమాండ్ పనిచేయలేదని తెలుస్తుంది. ఎందుకంటే కరెంట్ డైరెక్టరీ అనేది ప్రతి ప్రాసెస్‌కు విడిగా ఉంటుంది, చైల్డ్ మారిస్తే పేరెంట్‌ది మారదు, అందుకే సీడీని షెల్ తనలోనే చేసుకోవాలి. ప్రాసెస్ అంటే ఏమిటి అనే ప్రశ్నకు నిర్వచనం బట్టీ పట్టడం కంటే ఈ ఒక్క ఇబ్బంది ఎక్కువ నేర్పుతుంది.

తర్వాత అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లించడం. కొత్త ప్రాసెస్ పుట్టించడం, కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం యూనిక్స్‌లో రెండు వేర్వేరు కాల్స్‌గా ఎందుకు ఉన్నాయో ఇక్కడ అర్థమవుతుంది. ఫోర్క్ అయిపోయి ఎగ్జెక్ ఇంకా జరగని ఆ మధ్య సమయంలో చైల్డ్ తన ఫైల్ డిస్క్రిప్టర్లను (తెరిచిన ఫైళ్లకు కెర్నల్ ఇచ్చే నంబర్లను) తనకు కావలసినట్టు మార్చుకోగలదు. డప్2 కాల్‌తో, అవుట్‌పుట్ వెళ్లే ఒకటో నంబర్ డిస్క్రిప్టర్‌ను ఫైల్ మీదకు తిప్పేస్తే, ఆ తర్వాత ఎక్కే ప్రోగ్రామ్‌కు తాను రాసేది టెర్మినల్‌కా ఫైల్‌కా అనేది పట్టించుకునే అవసరమే ఉండదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ ఆలోచనలు ఇప్పటికీ నిలబడటానికి ఇలాంటి పొందికే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాత పైప్, ఒక ప్రాసెస్ అవుట్‌పుట్‌ను ఇంకో ప్రాసెస్‌కు ఇన్‌పుట్‌గా అందించే దారి. ఇక్కడ మీ షెల్ తప్పకుండా ఒకసారి వేలాడిపోతుంది, కమాండ్ పూర్తి కాదు, ఎర్రర్ కూడా రాదు. పేరెంట్‌లో పైప్ రాసే చివరను మూయకుండా వదిలేసి ఉంటారు. చదివే ప్రాసెస్‌కు డేటా అయిపోయిందని తెలియాలంటే రాసే చివర తెరిచి ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని మూయాలి, ఒక్క కాపీ ఎక్కడ తెరిచి ఉన్నా రీడ్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈ బగ్ వచ్చినప్పుడు జవాబు వెతుక్కుని అతికించకండి. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్ తెరిచి మీ షెల్‌ను దాని కింద నడపండి, చైల్డ్ ప్రాసెస్‌లను కూడా వెంబడించే ఆప్షన్ ఇవ్వండి, ఏ ప్రాసెస్ ఏ కాల్‌లో ఆగిపోయి కూర్చుందో కళ్ల ముందు కనిపిస్తుంది. ఇంకో విషయం కూడా చూస్తారు. మీరు ఫోర్క్ అని రాసినచోట అక్కడ క్లోన్ అని కనిపిస్తుంది, ఎందుకంటే లినక్స్‌లో సీ లైబ్రరీ ఫోర్క్‌ను క్లోన్ ద్వారా చేయిస్తుంది. లైబ్రరీకీ కెర్నల్‌కూ మధ్య గీత ఎక్కడుందో ఇలాంటి చోటే స్పష్టంగా తెలుస్తుంది.

ఆ గీత గురించి ఇంకొక చిన్న ప్రయోగం చేయండి. హలో అని న్యూలైన్‌తో ప్రింట్‌ఎఫ్ చేసి, తర్వాత ఫోర్క్ చేసి, రెండు ప్రాసెస్‌లూ మామూలుగా ముగిసే ప్రోగ్రామ్ రాయండి. టెర్మినల్‌లో హలో ఒకసారి వస్తుంది. అదే అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లిస్తే ఫైల్‌లో రెండుసార్లు ఉంటుంది. ఎందుకో ముందు మీరే ఆలోచించండి, తర్వాత ఇది చదవండి: టెర్మినల్ అయితే ప్రింట్‌ఎఫ్ లైన్ పూర్తికాగానే బయటికి పంపేస్తుంది, ఫైల్ అయితే బఫర్ నిండేదాకా దాచుకుంటుంది, ఆ బఫర్ ప్రాసెస్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి ఫోర్క్‌తో పాటు అదీ కాపీ అవుతుంది, చివర్లో ఇద్దరూ ఎవరి కాపీని వారు రాసేస్తారు. నేర్చుకునే పద్ధతి ఇదేనండి. ప్రోగ్రామ్ నడిపే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయాలి, తర్వాత నడపాలి, తేడా వస్తే ఆ తేడా తేలేదాకా ముందుకు పోకూడదు.

మ్యాన్ పేజీల (లినక్స్‌తో వచ్చే సహాయ పేజీల) గురించి. రెండో విభాగంలో సిస్టమ్ కాల్స్, మూడో విభాగంలో లైబ్రరీ ఫంక్షన్లు ఉంటాయి. అందరూ పైన వాడే విధానం చూసి మూసేస్తారు. మీరు కిందకు దిగి, ఏ విలువ తిరిగి వస్తుంది, ఏయే ఎర్రర్లు రావచ్చు అనే భాగాలు చదవండి. మీరు ఇచ్చిన బైట్లన్నీ రైట్ ఒకేసారి రాయాలని లేదు, తక్కువ రాసి ఎన్ని రాసిందో చెప్పి తిరిగి రావచ్చు. రీడ్ సున్నా ఇస్తే ఫైల్ ముగిసిందని అర్థం, మైనస్ ఒకటి ఇస్తే ఎర్రర్. సిగ్నల్ వచ్చి కాల్ మధ్యలోనే ఆగిపోవచ్చు. తిరిగి వచ్చిన ప్రతి విలువనూ చూసే అలవాటు ఉన్న విద్యార్థి కోడ్‌ను ఇంటర్వ్యూలో అనుభవం ఉన్నవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

షెల్ అయ్యాక థ్రెడ్లు, అంటే ఒకే ప్రాసెస్‌లో మెమరీ పంచుకుంటూ నడిచే పనులు. రెండు థ్రెడ్లు ఒకే కౌంటర్‌ను చెరో పది లక్షల సార్లు పెంచే ప్రోగ్రామ్ లాక్ (ఒకరు వాడుతుండగా ఇంకొకరిని ఆపేది) లేకుండా రాస్తే జవాబు సాధారణంగా ఇరవై లక్షల కంటే తక్కువ వస్తుంది, ప్రతిసారీ వేరే అంకె. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఒక్కోసారి సరైన జవాబే వచ్చేస్తుంది, అదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే తప్పు కోడ్‌లో అలాగే ఉంది, బయటికి కనపడటం మానేసింది. ఇలాంటివి టెస్టులతో దొరకవు, థ్రెడ్ శానిటైజర్ వాడాలి. పుస్తకంలో ప్రయారిటీ ఇన్వర్షన్ అనే భాగం వస్తుంది, చాలామంది మార్కులకు చదివి వదిలేస్తారు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌక కంప్యూటర్ మళ్లీ మళ్లీ రీసెట్ అయింది అచ్చంగా దీని వల్లే. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒక లాక్ పట్టుకుని ఉండగా, మధ్య స్థాయి పని దాన్ని నడవనివ్వలేదు, ఆ లాక్ కోసం ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఆగిపోయింది. ఇంజనీర్లు భూమి మీద ఉన్న నమూనాలో సమస్యను పట్టుకుని, ఆ లాక్‌కు ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (లాక్ పట్టుకున్న పనికి, దాని కోసం ఆగిన పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం) ఆన్ చేసి సరిచేశారు.

కెర్నల్ లోపల చూడాలన్న కోరిక ఉంటే ఎంఐటీ వాళ్లు చదువు కోసమే రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. కొన్ని వేల లైన్లే, మొదటి నుంచి చివరి దాకా ఒక మనిషి చదవగలిగినంత. క్యూఎమూ ఎమ్యులేటర్‌లో నడుస్తుంది కాబట్టి ఏం పాడుచేసినా మీ మెషీన్‌కు నష్టం లేదు. అందులో కొత్త సిస్టమ్ కాల్ ఒకటి చేర్చండి, తర్వాత ఫోర్క్‌కు కాపీ ఆన్ రైట్ (పేజీలో రాసినప్పుడే దానికి విడి కాపీ చేసే పద్ధతి) పెట్టండి. అది చేసిన తర్వాత అసలు లినక్స్ సోర్స్ తెరిస్తే, దేని కోసం వెతకాలో మీకే తెలుస్తుంది.

ఇక ఉద్యోగాలు. ‘సిస్టమ్స్ ప్రోగ్రామర్’ అనే పేరుతో ఫ్రెషర్లకు వచ్చే ప్రకటనలు వెబ్ ఉద్యోగాల కంటే తక్కువగానే ఉంటాయి, ఇంటర్వ్యూలు కూడా లోతుగా ఉంటాయి. ఇది దాచి చెప్పడం వల్ల మీకు ఉపయోగం లేదు. కానీ ఈ చదువు వాడే పనులు వేరే పేర్లతో ఉంటాయి: డేటాబేస్ ఇంజన్లు, స్టోరేజ్, నెట్‌వర్కింగ్, ఎంబెడెడ్, సెక్యూరిటీ, క్లౌడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సర్వర్లు పడిపోకుండా చూసే రిలయబిలిటీ ఇంజనీరింగ్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచ టాప్ 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. కంటైనర్లు అని అందరూ చెప్పుకునేవి లోపల చూస్తే కెర్నల్‌లోని నేమ్‌స్పేస్‌లు (ప్రాసెస్‌కు కనిపించేదాన్ని విడదీసేవి), సీగ్రూప్‌లే (అది వాడే వనరులకు పరిమితి పెట్టేవి).

మీ స్నేహితుల దారీ మీ దారీ అంత దూరంగా కూడా లేవు. వెబ్ సర్వర్ ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని ఆగిపోతే అది ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి. కంటైనర్ 137 కోడ్‌తో చచ్చిపోతే దానికి తొమ్మిదో నంబర్ సిగ్నల్ తగిలిందని అర్థం, చాలాసార్లు కారణం మెమరీ పరిమితి దాటడమే. పెద్ద ఏఐ మోడల్ ఫైల్‌ను ఎమ్‌మ్యాప్‌తో (ఫైల్‌ను మెమరీలా చూపించే కాల్‌తో) తెరిస్తే అంతా ఒకేసారి ర్యామ్‌లోకి రాకుండా ముట్టుకున్న పేజీలే ఎందుకు వస్తాయో పేజింగ్ తెలిసిన మీరు వాళ్లకు చెప్పగలరు. మీరు రేపు వెబ్‌కే వెళ్లినా, టీమ్‌లో ఇలాంటి సమస్య వచ్చినప్పుడు మీ వైపు చూస్తారు.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలా అని మీరు అడగలేదు కానీ తర్వాత అడుగుతారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్‌లో రస్ట్‌కు చోటు దొరికింది, దానికి భవిష్యత్తు ఉంది. అయినా ముందు సీ. మ్యాన్ పేజీలూ, సిస్టమ్ కాల్స్ రూపమూ అన్నీ సీలోనే ఉన్నాయి, పైగా సీలో చేతులు కాలినవాళ్లకే రస్ట్ నియమాలు ఎందుకున్నాయో తేలిగ్గా తలకెక్కుతుంది. ఏఐ టూల్స్‌ను మాత్రం వివరణ అడగడానికి వాడండి, మ్యాన్ పేజీలో అర్థంకాని వాక్యం అడగండి, మీ కోడ్‌లో తప్పెక్కడో సూచన అడగండి, కానీ షెల్‌ను దానితో రాయించుకోకండి. పూర్తయిన షెల్ ఎవరికీ అవసరం లేదు, అది రాస్తూ మీరు పడిన చిక్కులే మీకు కావాలి.

ఈ వారం లినక్స్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టుకుని షెల్ మొదలుపెట్టండి. రోజూ అరగంట కంటే వారానికి రెండు మూడు సార్లు వరుసగా రెండు గంటలు కూర్చోవడం ఈ పనికి బాగా నప్పుతుంది. పైప్ దాకా వచ్చాక ఒక్కసారి ఆగి చూసుకోండి. ఆ వేలాడిపోయిన ప్రోగ్రామ్ వెనకపడి కారణం కనిపెట్టడం మీకు నచ్చిందా, భోజనం సంగతి కూడా మర్చిపోయారా, అయితే వచ్చే సంవత్సరం కంప్యూటర్ నెట్‌వర్క్స్, కంపైలర్స్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఎలక్టివ్‌లు ధైర్యంగా తీసుకోండి. అది మీకు నరకంలా అనిపిస్తే సబ్జెక్టు బాగా పూర్తిచేసి వేరే వైపు వెళ్లండి, ఏ తప్పూ లేదు. ఎటు వెళ్లినా ఆ నిర్ణయం ప్రోగ్రామ్ రాసి చూశాక తీసుకోండి, ఇప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్ భయంతో తీసుకోకండి.