ఓలెసున్‌కి ఒక్క పూట చాలదు

జులైలో అమ్మానాన్నలు ఓస్లో వస్తున్నారు, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన గైరాంగర్ చూడటానికి వెళ్లే దారిలో నార్వే పడమటి తీరంలోని ఓలెసున్‌లో ఒక పూట ఆగితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదు. కనీసం రెండు రాత్రులు ఉండండి.

1904 జనవరి 23 తెల్లవారుజామున ఈ ఊరు తగలబడిపోయింది. అన్నీ చెక్క ఇళ్లు, పైగా ఈదురుగాలి. దాదాపు 10,000 మందికి నిలువ నీడ లేకుండా పోయినా ప్రాణం పోయింది మాత్రం ఒక్కరికే. అంతకుముందు ఆ తీరానికి విహారానికి వస్తూ ఉండే జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఓడల్లో తిండి, మందులు, ఇళ్లు కట్టే సామాను పంపాడు. ఈసారి రాయి, ఇటుకలతో కట్టారు. 1907 కల్లా ఊరు మళ్లీ లేచింది. యూరప్‌లో అప్పుడు నడుస్తున్నది లతలు, పూల వంపులతో అలంకరించే ఆర్ నువో శైలి కాబట్టి వీధులకు వీధులే ఆ తీరులో వచ్చాయి. అమ్మావాళ్లను షాపుల అద్దాల దగ్గర ఆపకుండా తలెత్తి చూడమనండి. బురుజులు, గుమ్మాల మీద చెక్కిన లతలు, ముఖాలు కనిపిస్తాయి. కాలువ పక్కన ఉన్న పాత మందుల షాపు ఇప్పుడు మ్యూజియం. అది తప్పక చూడాలి.

ఆక్స్‌లా కొండకి 418 మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే టెన్షన్ వద్దు, పైదాకా కారు వెళ్తుంది. గొడుగు కాదు, మంచి రెయిన్‌కోట్ తెచ్చుకోండి. అక్కడి గాలికి గొడుగు నిలవదు.

ఇక చేపలు. కాడ్ అనే సముద్రపు చేపని ఉప్పు పెట్టి ఎండబెట్టి పోర్చుగల్, బ్రెజిల్ దాకా పంపే ఊరిది. ఆ క్లిప్‌ఫిస్క్ మన ఉప్పుచేపకి అక్కలాంటిది. ఒక ముక్క కొని, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మధ్యమధ్యలో నీళ్లు మార్చి, ఉల్లిపాయ, ఎండుమిరపకాయలతో వేయించండి. పప్పుచారులోకి దాన్ని మించింది లేదు. హోటల్లో అయితే టమాటా, బంగాళాదుంపలతో వండిన బకలావ్ అడగండి.

నాన్నగారికి గాలం సరదా ఉంటే సముద్రంలో పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, నదుల్లో అయితే కావాలి. సముద్రంలో చేపలు పెంచే వలలకి 100 మీటర్ల లోపు గాలం వేయకూడదు. కాడ్ లాంటి చేపలకి కనీస సైజు ఉంటుంది, ముందే చూసుకుని చిన్నవి పడితే వదిలేయండి. 8 మీటర్ల కన్నా చిన్న పడవ కదులుతున్నంతసేపూ పైన కూర్చున్నవాళ్లందరికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఉక్కగా ఉందని నాన్నగారు విప్పబోతే ఒప్పుకోకండి.