మొదటి సైకిల్ రోడ్ రేసుకు ఏ కోర్సు తేలిక: కొండ ఉన్నదా, చదును సర్క్యూటా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇది మీ మొదటి రేసు, ఇంకా పది వారాల టైముంది, రెండు రేసుల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది 78 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,050 మీటర్లు. అందులో 31వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే పెద్ద కొండ ఒకటుంది, 6 కిలోమీటర్లు, సగటున 7 శాతం వాలు. రెండోది 5.2 కిలోమీటర్ల సర్క్యూట్ మీద 12 ల్యాపులు, ల్యాపుకు నాలుగు మలుపులు, 600 మీటర్ల మిట్ట ఒకటి. మొత్తం ఎక్కుడు 480 మీటర్లే. మీ బరువు 74 కిలోలు, గంటసేపు నిలబెట్టుకోగలిగే పవర్ 230 వాట్లు. "480 మీటర్లే కాబట్టి సర్క్యూటే తేలిక అనుకుంటున్నాను, నిజమేనా?" అని అడిగారు.

నేనూ అచ్చం ఇదే లెక్క వేసుకుని, ఇంచుమించు ఇలాంటి సర్క్యూట్‌లోనే మొదటి రేసు తొక్కాను. నాలుగో ల్యాపులో గుంపు నన్ను వదిలేసి వెళ్లిపోయింది. మిగతా ల్యాపులు ఒంటరిగా, గాలికి ఎదురుగా తొక్కుకుంటూ పోతుంటే ఏడో ల్యాపులో అదే గుంపు వెనక నుంచి వచ్చి నన్ను దాటేసింది. అధికారి చెయ్యి ఊపి పక్కకు రమ్మన్నాడు. అంతే, నా మొదటి రేసు అయిపోయింది. ఆ తర్వాతి ఏడాది మీరు చెప్పినలాంటి కొండ రేసుకు వెళ్లాను, మధ్యలో ఎక్కడో సుఖంగానే పూర్తిచేశాను. అప్పటికి నా పవర్ పది వాట్లు పెరిగిందేమో, అంతకు మించి ఏమీ కాదు. మారింది కోర్సు.

చదును సర్క్యూట్ ఎందుకు అంత కష్టమో చెప్తాను. మలుపు దగ్గర గుంపు ముందున్నవాడు కొద్దిగా వేగం తగ్గిస్తాడు. వాడి వెనకవాడు ఇంకాస్త తగ్గిస్తాడు. నలభయ్యోవాడి దాకా వచ్చేసరికి బ్రేకులు గట్టిగా పట్టాల్సిందే. ఆ నలభయ్యోవాణ్ణి నేనే. వెనక ఉంటే పడిపోను, సేఫ్‌గా ఉంటాను అనుకున్నాను మరి. మలుపులో నా వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోయేది. తల ఎత్తి చూస్తే ముందువాళ్లు అప్పటికే 38లో ఉండేవాళ్లు. మనిషి, సైకిలు కలిపి 83 కిలోల బరువును ఎనిమిది సెకన్లలో 20 నుంచి 38కి తేవాలంటే, గాలి నిరోధం కలపకుండానే 400 వాట్ల పైన కావాలి. నాలుగు మలుపులు, 12 ల్యాపులు అంటే 48 సార్లు ఆ పని చెయ్యాలి. దారి ఎత్తుపల్లాలు చూపించే ఎలివేషన్ పటంలో ఈ 48 ఎక్కడా కనిపించదు.

ఇక ఆ 600 మీటర్ల మిట్ట. వాలు 6 శాతమే, చిన్నదే. కానీ గుంపు దాన్ని 20 వేగంతో ఎక్కితే మీ బరువుకు 320 వాట్ల పైచిలుకు పడుతుంది, అదీ దాదాపు రెండు నిమిషాల పాటు. మీ పవర్ 230. ఒక్కసారైతే నవ్వుకుంటూ ఎక్కేస్తారు. మూడోసారి కూడా పర్లేదనిపిస్తుంది. కాలు నొప్పి ఏ ల్యాపులో మొదలవుతుందన్నదే అక్కడ రేసు.

ఇంతా చేసి గుంపు నుంచి జారిపోతే తిరిగి కలవడం దాదాపు కుదరదు. చదును దారిలో ఒకరి వెనక దగ్గరగా తొక్కితే శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. జారిపోయినవాడికి ఆ సాయం ఉండదు. పైగా గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 35 నుంచి 40కి వెళ్లాలంటే ఒక్క గాలి వాటాకే ఒకటిన్నర రెట్లు కావాలి. పది మీటర్ల ఖాళీ చూడటానికి చిన్నదే, దాన్ని పూడ్చేంత బలం ఉన్నవాడైతే అసలు జారిపోయేవాడే కాదు.

కొండ రేసులో కథ వేరు. అక్కడ బరువు మీకు శత్రువే, కాదనను. 230 వాట్లతో ఆ 6 కిలోమీటర్లు ఎక్కడానికి మీకు సుమారు 27 నిమిషాలు పడుతుంది. 62 కిలోలవాడు అవే 230 వాట్లతో మీకంటే నాలుగు నిమిషాలు ముందు పైకి చేరతాడు. చదునులో అయితే ఆ 12 కిలోల తేడా దాదాపు లెక్కలోకే రాదు. కానీ కొండ మీద మీ వేగం 13. ఆ వేగంలో ఒకరి వెనక ఉన్నా, ఒంటరిగా ఉన్నా పెద్ద తేడా ఉండదు. అంటే గుంపు వదిలేసినా మీకు కలిగే నష్టం తక్కువ. ఎవరి లయలో వాళ్లు ఎక్కుతారు. పైకి చేరేసరికి మీ ముందూ వెనకా ఉన్నవాళ్లంతా ఇంచుమించు మీ బలం ఉన్నవాళ్లే అయివుంటారు.

నాకు జరిగిందదే. కొండ మొదలైన కిలోమీటరుకే ముందు గుంపు వెళ్లిపోయింది. ఈసారి వెంటపడలేదు, పవర్ మీటర్‌లో వాట్ల అంకె చూసుకుంటూ నా పాటికి నేను ఎక్కాను. పైన మూడున్నర నిమిషాలు వెనకబడి ఉన్నాను. దిగుడులో ఐదుగురం కలిశాం, కింద ఇంకో ఇద్దరు చేరారు. తర్వాత చివరిదాకా ఏడుగురం వంతులవారీగా ముందుకొచ్చి గాలి పంచుకుంటూ తొక్కాం. ముందు గుంపుతో పోటీపడి కొండ మీదే అలసిపోయినవాళ్లు ఒక్కొక్కరే దొరికారు, దాటేశాం. మీ రేసులో కొండ 37వ కిలోమీటరుకు అయిపోతుంది, ముగింపుకు ఇంకా 41 కిలోమీటర్లుంటాయి. బరువైనవాడు కోలుకోవడానికి అది చాలా దూరం. అదే కొండ ముగింపు గీత దగ్గర ఉండుంటే నేను ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు.

అందుకే కోర్సులను పోల్చేటప్పుడు మొత్తం మీటర్ల కంటే ముందు, ఆ మీటర్లు ఎక్కడున్నాయో చూడండి. ఇటలీలో జరిగే మిలాన్–సాన్ రెమో రేసులో పోజ్జో అనే మిట్ట ఉంది. 3.7 కిలోమీటర్లు, సగటు వాలు 4 శాతం కూడా ఉండదు. వేరే రేసులో మధ్యలో ఉంటే దాని పేరు కూడా ఎవరికీ తెలిసేది కాదు. అది దాదాపు 300 కిలోమీటర్ల రేసులో, ముగింపుకు ఐదున్నర కిలోమీటర్ల ముందు అయిపోతుంది. అందుకే ప్రపంచంలోని మేటి రేసర్లు ఏటా దాని కోసం గంటల తరబడి కాచుకుని కూర్చుంటారు. ఎక్కుడే లేకుండా నరకం చూపించే కోర్సు కావాలంటే ఫ్రాన్స్‌లో పారిస్–రూబే రేసు ఉండనే ఉంది, అక్కడ చంపేది కొండ కాదు, రాళ్లు పరిచిన దారి.

సగటు వాలును కూడా నమ్మకండి. ఫ్రాన్స్‌లోని మాంట్ వెంటూ కొండను బెడ్వా ఊరి వైపు నుంచి ఎక్కితే 21 కిలోమీటర్లు, సగటు 7.5 శాతం అని రాసుంటుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు తేలిగ్గా ఉండి ఆ సగటును కిందికి లాగేస్తాయి. అడవిలోకి వెళ్లాక 9 శాతం వాలు, కిలోమీటర్ల తరబడి వదలదు. 7.5 అనుకుని శక్తి ఖర్చుపెట్టినవాడు ఆ అడవిలో దిగి నడుస్తాడు. మీ 6 కిలోమీటర్ల కొండను కూడా కోర్సు జీపీఎస్ ఫైల్‌లో 500 మీటర్ల ముక్కలుగా కోసి చూడండి. మధ్యలో ఎక్కడో 11 శాతం ముక్క దాక్కుని ఉంటే ఇప్పుడే తెలియడం మంచిది. ఇంకో మాట. ఎక్కుడు లెక్క ఒక్కో యాప్‌లో ఒక్కోలా వస్తుంది. ఒకే దారిని ఇద్దరం పక్కపక్కనే తొక్కితే నా మీటర్ ఒకటి చెప్పింది, నా పక్కవాడిది ఇంకోటి చెప్పింది. కాబట్టి రెండు కోర్సుల ఫైళ్లనూ ఒకే యాప్‌లో వేసి పోల్చండి, నిర్వాహకులు వేసిన అంకెలను పక్కపక్కన పెట్టి కాదు.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. చెట్లు, గోడలు లేని తిన్నటి దారి ఎక్కడుందో చూడండి, ఆ రోజు గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూడండి. పక్క నుంచి వీస్తే గుంపు ఏటవాలు వరుసగా మారుతుంది. వరుస దారి వెడల్పంతా ఆక్రమించాక మిగిలినవాళ్లకు చాటు దొరకదు, దారి అంచున ఒకరి వెనక ఒకరు వేలాడుతుంటారు. అక్కడ కొండ లేకపోయినా గుంపు ముక్కలవుతుంది.

నా తీర్పు: కొండ రేసుకే వెళ్లండి. ఒక్క మినహాయింపు ఉంది. మీకు గుంపులో మోచేతి దూరంలో తొక్కడం అలవాటై, మలుపుల్లో బ్రేకు పట్టకుండా పోగలిగితే, ముందు పదిమందిలో నిలబడగలిగితే సర్క్యూట్ నిజంగానే తేలిక. ముందున్నవాళ్లకు ఆ 48 స్ప్రింటులు ఉండవు, చిన్న చిన్న ఊపులతో సరిపోతుంది. కానీ మొదటి రేసు అంటున్నారు కాబట్టి ఆ ధైర్యం ఇంకా రాలేదనే అనుకుంటున్నాను. తప్పైతే క్షమించండి.

పది వారాల్లో ఏం చెయ్యాలంటే, వారానికి ఒక పెద్ద రైడ్ పెట్టుకోండి, మెల్లగా పెంచుకుంటూ మూడున్నర గంటల దాకా తీసుకెళ్లండి. మామూలు రోజుల్లో ఒక రోజు దీర్ఘ ఇంటర్వెల్స్. 230 వాట్లకు కాస్త కింద, 205–215 దగ్గర, పన్నెండు నిమిషాల చొప్పున మూడు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఆరో వారానికల్లా అవే రెండు ఇరవై నిమిషాలు కావాలి. 27 నిమిషాల కొండకు ఇంతకు మించిన మందు నాకు తెలియదు. ఇంకో రోజు చిన్నవి: తొంభై సెకన్లు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఆరుతో మొదలుపెట్టి ఎనిమిదికి. కొండకు ముందు 31 కిలోమీటర్లలో గుంపు చేసే అల్లరికి ఇవి అవసరం. మిగతా రోజులు నిజంగా తేలిగ్గా తొక్కండి. తేలిక రోజున కూడా ఎవరో దాటారని రోషానికి పోయి తరిమేది మనమే, ఆ తర్వాత ఇంటర్వెల్ రోజున కాళ్లు రావట్లేదని ఏడ్చేదీ మనమే.

గుంపులో తొక్కడం మాత్రం ఒంటరిగా నేర్చుకోలేరు. వారానికి ఒక్కసారైనా నలుగురైదుగురితో కలిసి వంతులు మార్చుకుంటూ తొక్కండి. ముందు చక్రాన్ని కాకుండా ముందువాడి భుజాల మీదుగా దూరం చూడటం అలవాటు చేసుకోండి. దిగుడు కూడా సాధన చెయ్యండి, ఎందుకంటే కొండ రేసులో మనుషులు పడేది ఎక్కేటప్పుడు కాదు. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉండాలి, బ్రేకు మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో బయటి వైపు పెడల్ కిందకు ఉండాలి. దిగుడులో ముప్పై సెకన్లు పోతే పోనివ్వండి.

గేర్ల విషయంలో పరువుకు పోవద్దు. ముందు చక్రానికి 34 పళ్లు, వెనక 28 ఉంటే 7 శాతం మీద 13 వేగంతో కేడెన్స్ (నిమిషానికి పెడల్ తిప్పులు) 85 వస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ 11 శాతం ముక్క వస్తే అవే 230 వాట్లకు వేగం ఎనిమిదిన్నరకు పడిపోతుంది, కేడెన్స్ 55. వెనక 32 ఉంటే 63 అవుతుంది. ఆ ఎనిమిది తిప్పుల తేడా మోకాలికి తెలుస్తుంది. నేను 39, 25తో వెళ్లి ఒక కొండ మీద 43 కేడెన్స్‌తో గానుగెద్దులా తిరిగాను, మరో రెండు వారాలు మెట్లు దిగాలంటే మోకాలు పట్టుకోవాల్సి వచ్చింది. క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్) మార్చేట్టయితే కనీసం రెండు వారాల ముందే మార్చి దాని మీద తొక్కండి. చైన్ పొడవు సరిపోతుందా, గేరు మార్చే డీరైలర్ అంత పెద్ద పళ్లచక్రాన్ని పట్టుకుంటుందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

తిండి గురించి ఒక్క మాటే: గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్కన, ఆకలి వేసేదాకా ఆగకుండా, మొదటి అరగంట నుంచే. పెద్ద రైడ్లలో ఏది తిన్నారో రేసులోనూ అదే. కొండ మొదలవడానికి పది నిమిషాల ముందే తినెయ్యండి, ఎక్కేటప్పుడు ఆయాసంలో నమలలేరు.

చివరి వారం దూరం సగానికి తగ్గించండి, కానీ రెండు మూడు చిన్న గట్టి ఇంటర్వెల్స్ ఉంచండి, లేకపోతే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి. వీలైతే ముందే వెళ్లి 25వ కిలోమీటరు నుంచి 45 దాకా ఒకసారి తొక్కి చూడండి. మిగతాది కార్లో చూసినా చాలు. కొండకు ముందు దారి ఎక్కడ ఇరుకవుతుందో గుర్తుపెట్టుకుని, అక్కడికి వచ్చేసరికి గుంపులో ముందు వైపు ఉండేలా చూసుకోండి. ముందు నుంచి కొండ మొదలుపెడితే, మీ లయలో ఎక్కుతూ యాభైమంది దాటినా ఇంకా గుంపు మధ్యలోనే ఉంటారు.

ఒకవేళ సర్క్యూట్‌కే వెళ్తానంటే, పేరు నమోదు చేసుకునే ముందు ల్యాప్ వెనకబడినవాళ్లను ఆపేస్తారా లేదా అన్నది నిబంధనల్లో చూసుకోండి. మొదలుకు ముందు ఇరవై నిమిషాలు బాగా వార్మప్ చెయ్యండి, అక్కడ మొదటి ల్యాపే అన్నిటికంటే వేగం. నేను ఆ ఇరవై నిమిషాలూ మరుగుదొడ్డి క్యూలో గడిపాను.